కుడి చేతిలో నిలవని తాళాలగుత్తి: 36 ఏళ్ల కిందట ఆగిపోయిన ఫిట్స్ కేసు

2023 జూన్‌లో 52 ఏళ్ల మనిషి ఒకాయన భార్యతో కలిసి నా ఓపీకి వచ్చారు. పల్నాడు వైపు ఊరు, జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. చేతిలో సీటీ స్కాన్ ఫిల్ము, దాని రిపోర్టు, ఒక మందుల చీటీ ఉన్నాయి. (ఆయన, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.)

ఏడు వారాల కిందట స్కూటర్ మీద వెళ్తుంటే కుక్క అడ్డొచ్చి పడ్డారు. నుదుటి మీద చిన్న గాయం. తలకి తగిలిన దెబ్బ కదా, ఎందుకైనా మంచిదని అక్కడి ఆస్పత్రిలో సీటీ తీశారు. రక్తం గడ్డకట్టలేదు, ఎముక విరగలేదు. రిపోర్టు చివర మాత్రం ఒక లైను ఉంది: ఎడమ ఫ్రంటల్ లోబ్‌లో 4 మిల్లీమీటర్ల కాల్సిఫైడ్ గ్రాన్యులోమా. తెలుగులో చెప్పాలంటే సున్నం పట్టిన చిన్న మచ్చ.

అది చూసి అక్కడి డాక్టరు "ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?" అని అడిగారట. ఈయన దాచకుండా "చిన్నప్పుడు వచ్చేవి" అన్నారు. అంతే, స్కూటర్ మీద నుంచి పడటం కూడా ఫిట్స్ వల్లేనని తేలిపోయింది. ఫిట్స్ మందు లెవెటిరాసిటామ్ 500 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. జీవితాంతం వాడాలన్నారు.

ఆయన కంటే భార్యకి చెప్పుకోవాల్సింది ఎక్కువ ఉంది. పెళ్లయి 26 ఏళ్లయినా ఫిట్స్ సంగతి తనకి తెలియకపోవడం ఒక బాధ. మందు మొదలయ్యాక మనిషి మారిపోవడం ఇంకో బాధ. "కూరలో ఉప్పు తక్కువైందని కంచం తోసేశారు సార్. ఇన్నేళ్లలో ఆయన గొంతు పెంచగా నేను వినలేదు." ఆయన తల దించుకుని కూర్చున్నారు. లెవెటిరాసిటామ్ మంచి మందే, నేనూ రోజూ రాస్తాను. కానీ కొందరిలో అది చిరాకు, కోపం తెప్పిస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఇళ్లలో గొడవలైపోతాయి.

ముందు స్కూటర్ సంగతి తేల్చుకోవాలి. పడిన రోజు గురించి మొదటినుంచీ చెప్పమన్నాను. కుక్క గోధుమరంగుది. ఎడమ పక్క నుంచి వచ్చింది. బ్రేకు వేస్తే ఇసుకలో చక్రం జారింది. కిందపడ్డాక తనే లేచారు. క్యారేజీ మూత ఊడి సాంబారు రోడ్డు పాలైతే గిన్నెలు ఏరుకున్నారు. ఎక్కడా ఖాళీ లేదు. ఒక్క నిమిషం కూడా జ్ఞాపకంలోంచి పోలేదు. ఫిట్స్ వచ్చి పడినవాళ్లకి ఇలా గుర్తుండదు. అది మామూలు యాక్సిడెంటే.

ఇక్కడిదాకా సరిగ్గానే చేశాను. ఆ తర్వాత ఒక తప్పు చేశాను. చిన్నప్పటి ఫిట్స్ ఎలా ఉండేవని ఆయన్నే అడిగాను. "ఒళ్లంతా కొట్టుకునేదట సార్, నాకేం తెలీదు" అన్నారు. నేను కేసు షీటులో "శరీరమంతా వచ్చిన ఫిట్స్, 14 నుంచి 16 ఏళ్ల మధ్య, కారణం తెలియదు, వాటంతటవే ఆగిపోయాయి" అని రాసేసుకున్నాను. స్పృహ లేని మనిషిని, స్పృహ లేనప్పుడు ఏం జరిగిందని అడిగి, వచ్చిన జవాబును రోగ నిర్ధారణగా రాసుకున్నానన్నమాట. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: స్పృహ తప్పే ముందు ఆఖరుగా గుర్తున్నది ఏమిటి? ఓపీ బయట నలభైమంది కూర్చుని ఉన్నారు. అది సాకు తప్ప సమాధానం కాదు.

పరీక్ష చేస్తే నరాల బలహీనత ఏమీ లేదు. రెండు చేతుల పట్టూ సమానం. చర్మం కింద గడ్డలు తగల్లేదు. మెడ వెనక మాత్రం రూపాయి బిళ్లంత మచ్చలు రెండు కనిపించాయి. వాతలు. "మా నాయనమ్మ పెట్టించింది" అన్నారు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరు చూశారని అడిగితే, అమ్మానాన్నా పోయారు, అక్క ఉందన్నారు. ఈసారి అక్కను తీసుకురమ్మన్నాను.

అక్క వచ్చింది

పది రోజులకి వచ్చారు. ఆవిడకి 58 ఏళ్లు. ఒక ప్లాస్టిక్ సంచిలోంచి మడతలు చిరిగిపోతున్న మందుల చీటీ తీసి బల్ల మీద పెట్టారు. 1986 నాటిది, గార్డినాల్ 60 అనే ఫిట్స్ మాత్ర, రాత్రి ఒకటి. అమ్మ ట్రంకు పెట్టెలో దాచిందట.

"మొదటిసారి వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నా బాబూ. సంక్రాంతికి ముందు. వీడు తొమ్మిదో తరగతి. లెక్కలు చేసుకుంటున్నాడు. పెన్ను జారి కింద పడింది. తియ్యరా అంటే తియ్యడు. వేలు వంకే చూస్తా కూర్చున్నాడు."

"ఏ వేలమ్మా?"

ఆవిడ తన కుడిచేతి బొటనవేలు ఎత్తి అదిరించి చూపించారు. తర్వాత మణికట్టు, మోచెయ్యి. తర్వాత మూతి కుడివైపుకి లాగి చూపించారు. "ఇక్కడిదాకా తెలివిలోనే ఉన్నాడు. అక్కా అన్నాడు. ఆ తర్వాత ఒళ్లంతా కొట్టుకుని పడిపోయాడు."

తమ్ముడు ఆశ్చర్యంగా చూశారు. "వేలు అదరడం నాకు గుర్తుంది సార్. అది ఫిట్సా? నేను భయంతో వణికాననుకున్నా." ముప్పై ఏడేళ్లుగా ఆయన దగ్గరున్న సమాచారం అది. ఎవరూ అడగలేదు. మొదటి విజిట్‌లో నేనూ అడగలేదు.

ఇనుము పెట్టారా అని అడిగాను. మన దగ్గర ఫిట్స్ వస్తే ఎవరో ఒకరు తాళాలగుత్తి చేతిలో పెడతారు. దానివల్ల ఉపయోగం లేదని వందలసార్లు చెప్పి ఉంటాను. ఈసారి ఊరికే, ఆవిడని ఇంకాస్త మాట్లాడించడానికి అడిగాను.

"పెట్టకుండా ఉంటారా? నాన్న బీరువా తాళాలు కుడిచేతిలో పెట్టాడు. నిలవవే! జారిపోయేవి. మళ్లీ పెట్టేవాడు, మళ్లీ జారేవి. కొట్టుకోవడం ఆగాక కూడా అంతే. ఆ చెయ్యి గుడ్డపీలికలా వేలాడింది. ఎడంచేతిలో పెడితే గట్టిగా పట్టుకున్నాడు. అరగంట తర్వాత మంచినీళ్ల గ్లాసు కూడా ఎడంచేత్తోనే తాగాడు. ప్రతిసారీ అదే వరస."

నేను పెన్ను పక్కన పెట్టి మళ్లీ చెప్పించుకున్నాను. ఫిట్స్ అయిపోయాక ఒక చెయ్యి కాసేపు పడిపోవడాన్ని టాడ్స్ పెరాలిసిస్ అంటారు. డాక్టర్ రాబర్ట్ బెంట్లీ టాడ్ 1849లోనే వర్ణించాడు. ఒక వేలి దగ్గర మొదలై చెయ్యి, మూతి, ఆపైన ఒళ్లంతా పాకే ఫిట్స్‌కి హ్యూలింగ్స్ జాక్సన్ అనే నరాల డాక్టరు పేరే పెట్టారు. జాక్సన్‌కి ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు, ఆయన భార్యకే ఇలాంటివి వచ్చేవి. రెండూ కలిపితే అర్థం ఒకటే: ఫిట్స్ ఒళ్లంతా ఒకేసారి రాలేదు. మెదడులో ఎడమ పక్కన, కుడిచేతిని ఆడించే చోట మొదలై, అక్కణ్నుంచి పాకింది. ఇంట్లోవాళ్లకి తెలియకుండానే ఆ తాళాలగుత్తి రెండు చేతుల బలాన్నీ పోల్చి చూసే పరీక్ష అయిపోయింది. దానికి ఇంకే ఉపయోగమూ లేదని ఇప్పటికీ అంటాను.

మొత్తం ఐదుసార్లు వచ్చాయి. 1985 డిసెంబరులో మొదటిది, 1987 ఆగస్టులో చివరిది. ఈఈజీ (మెదడులో కరెంటు తరంగాల్ని చూసే పరీక్ష) తీస్తే నార్మల్ అన్నారు. గార్డినాల్‌తో క్లాసులో నిద్రపోతుంటే ఎప్టోయిన్‌కి మార్చారు. దాంతో చిగుళ్లు వాచి పళ్ల మీదికి పెరిగాయి. ఎప్టోయిన్ వాడినవాళ్లలో తరచుగా కనిపించేదే అది. కాలేజీలో తోటివాళ్లు నవ్వుతున్నారని 1990లో ఎవరికీ చెప్పకుండా మందు మానేశారు. అలా మానకూడదు. కానీ ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక్కసారీ రాలేదు.

ముందు అనుకున్నవి

అక్క రాకముందు ఈ కేసుని నేను వేరే అరల్లో పెట్టి చూశాను. పిల్లల్లో మొదలైన ఫిట్స్ సగానికి పైగా పెద్దయ్యేసరికి తగ్గిపోతాయి కాబట్టి ఆగిపోవడం వింతేమీ కాదు. రొలాండిక్ ఎపిలెప్సీ అయితే మూతి, నాలుక దగ్గర మొదలవుతుంది, ఎక్కువగా నిద్రలో వస్తుంది, పదహారో ఏడు దాటేసరికి పోతుంది. కానీ అది బడిలో వేసిన తొలి ఏళ్లలోనే మొదలవుతుంది, పద్నాలుగు అంటే ఆలస్యం. జువనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీకి వయసు సరిపోతుంది. అందులో పొద్దున్నే లేవగానే చేతులు ఉలిక్కిపడి కాఫీ గ్లాసు విసిరేస్తారు. పైగా మందు మానితే అది ఊరుకోదు, చాలామందిలో తిరిగి వస్తుంది. ఈయనకి అలా జరగలేదు.

నాకు బాగా నచ్చిన అర ఇంకొకటి ఉంది. 1978లో ఫ్రాన్స్‌లో లుయాజో, ఒర్గొగోజో అనే ఇద్దరు డాక్టర్లు టీనేజ్ పిల్లల్లో ఒక రకం ఫిట్స్ గురించి రాశారు. పదమూడు, పదిహేనేళ్ల మధ్య ఎక్కువ. మెలకువగా ఉన్నప్పుడే వస్తాయి. పరీక్షలన్నీ నార్మల్. ఒక్కసారి, లేదా ఒకటిన్నర రోజులో వరసగా కొన్నిసార్లు వచ్చి, ఇక రావు. కారణం తెలియదు. ఈయన కథ దీనికి దగ్గరగా ఉంది గానీ, 20 నెలల పాటు అయిదుసార్లు రావడం, అదీ ప్రతిసారీ అదే బొటనవేలితో, ప్రతిసారీ అదే చెయ్యి పడిపోవడం అందులో ఇమడదు. ఒకే చోట ఏదో ఉండి గుచ్చుతున్నట్టుంది.

అప్పుడు ఫిల్ము మళ్లీ లైటు బాక్సు మీద పెట్టాను. రిపోర్టులో "ఎడమ ఫ్రంటల్" అని మాత్రమే ఉంది. ఫ్రంటల్ లోబ్ అంటే మెదడులో మూడో వంతు, అది ఊరి పేరు చెప్పకుండా జిల్లా పేరు చెప్పినట్టే. మచ్చ ఆ లోబ్‌లో బాగా వెనక, పైన ఉంది. చేతిని ఆడించే భాగం స్కాన్‌లో తిరగేసిన గుర్రపు నాడాలా ఒక మడతగా కనిపిస్తుంది. తెల్లటి చుక్క సరిగ్గా ఆ మడత అంచున కూర్చుని ఉంది. కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే రంగు మందు)తో ఎమ్మారై కూడా చేయించాను. చుట్టూ వాపు లేదు, రంగు పట్టలేదు. ఈఈజీ నార్మల్. నిజానికి అది నా మనశ్శాంతికే తీయించాను. ఎపిలెప్సీ ఉన్నవాళ్లలో కూడా మొదటి ఈఈజీ దాదాపు సగం మందికి నార్మల్‌గానే వస్తుంది.

చచ్చిన పురుగు

ఈ మచ్చ చాలావరకు పందుల్లో పెరిగే బద్దెపురుగు (టేప్‌వార్మ్) గుడ్డు నుంచి వచ్చిన తిత్తి మిగిల్చినది. న్యూరోసిస్టిసర్కోసిస్ అంటారు. మన దేశంలో ఫిట్స్‌కి పెద్ద కారణాల్లో ఇదొకటి. దీని వెనక ఒక పాత కథ ఉంది. ఇండియాలో పనిచేసి ఇంగ్లండు తిరిగి వెళ్లిన బ్రిటిష్ సైనికుల్లో కొందరికి కొన్నేళ్ల తర్వాత ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చేవి. ఎక్స్‌రే తీస్తే కండల్లో బియ్యపు గింజల్లా సున్నపు చుక్కలు కనబడేవి. అలాంటి 450 మంది వివరాలతో 1961లో ఒక నివేదిక అచ్చయింది.

మన దగ్గర ఇది తేలడానికి ఇంకా టైం పట్టింది. సీటీ స్కాన్ మొదటి పేషెంటుని 1971లో లండన్‌లో చూసింది. ఆ యంత్రాలు మన నగరాలకి చేరాక, ఫిట్స్ వచ్చిన యువకుల మెదడులో ఉంగరం లాంటి చిన్న మచ్చ కనబడటం మొదలైంది. టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు ఇచ్చేవారు. మళ్లీ స్కాన్ తీస్తే మచ్చ మాయం! మందు పనిచేసిందనుకున్నారు. తర్వాత, మందు ఇవ్వనివాళ్లలో కూడా మాయమవుతోందని గమనించారు. వేలూరు సీఎంసీలో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ బృందం ఆ మచ్చల్నే బయాప్సీ చేసి 1991లో ప్రచురించింది. చాలావాటిలో దొరికింది సిస్టిసర్కస్, అంటే ఆ పురుగు పిల్ల. ఎంతమంది టీనేజర్లు అక్కర్లేని టీబీ మందులు మింగారో తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మా పేషెంటుకి 1985లో సీటీ తీసి ఉంటే ఆ మందులు ఆయన కూడా మింగేవారేమో. స్కాన్ లేకపోవడం ఒకరకంగా కలిసొచ్చింది.

ఈ పురుగు తిత్తి బతికున్నన్నాళ్లూ ఒంటి రోగనిరోధక శక్తికి దొరక్కుండా నక్కి ఉంటుంది. అది చావడం మొదలైనప్పుడే ఒళ్లు దాన్ని గుర్తుపట్టి మీద పడుతుంది. చుట్టూ వాపు వస్తుంది, ఆ వాపు ఫిట్స్ తెస్తుంది. కొందరిలో తిత్తి ఆనవాలు లేకుండా పోతుంది, కొందరిలో సున్నం పట్టి చుక్కగా మిగులుతుంది. అంటే ఈయనకి ఫిట్స్ వచ్చిన ఆ 20 నెలలూ పురుగు చస్తున్న రోజులన్నమాట. అది చచ్చిపోయింది, గొడవ ఆగింది. గార్డినాల్ ఆ గొడవని అణిచిపెట్టి ఉంచింది తప్ప దాన్ని తీర్చింది కాదు.

ఇదంతా చెప్తుంటే భార్య అడ్డొచ్చారు. "పంది పురుగు మా ఇంట్లోకి ఎలా వస్తుంది సార్? మేము గుడ్డు కూడా ముట్టం." అందరూ అడిగే ప్రశ్నే. సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగులో బద్దెపురుగు చేరుతుంది, మెదడులో తిత్తి రాదు. ఆ పురుగున్న మనిషి మలంలో గుడ్లు పోతాయి. అవి నీళ్ల ద్వారానో, ఆకుకూరల మీదనో, కడుక్కోని చేతుల ద్వారానో ఎవరి కడుపులోకైనా చేరొచ్చు. మాంసం తిన్నది ఒకరు, మెదడులో తిత్తి వచ్చింది ఇంకొకరికి. అక్క వెంటనే అందుకున్నారు. "చెరువు గట్టు పక్కనే మా పెరుగు తోటకూర మడి ఉండేది. ఊరంతా ఆ గట్టుకే పోయేది బాబూ."

అయినా కేసు షీటులో "బహుశా" అన్న మాట తీసేయలేదు. పురుగు తల స్కాన్‌లో కనబడితే తిరుగులేదనొచ్చు, ఇక్కడ మిగిలింది చుక్క మాత్రమే. పాత టీబీ గడ్డ కూడా సున్నం పట్టొచ్చు. పైగా మన ప్రాంతంలో ఫిట్స్ ఎన్నడూ రానివాళ్ల స్కాన్లలో కూడా ఇలాంటి చుక్కలు కనబడుతుంటాయి. చుక్క ఒక్కటే ఉండి అక్క మాట లేకపోతే నేనింత దూరం వచ్చేవాణ్ని కాదు.

మందు ఆపడం

నా జూనియర్ ఒకరు వాదించారు. సున్నం పట్టిన చుక్క చచ్చిన పామేమీ కాదు సార్, కొందరిలో ఏళ్ల తర్వాత కూడా దాని చుట్టూ మళ్లీ వాపు వచ్చి ఫిట్స్ వస్తున్నాయి కదా, మందు ఉంచేద్దాం అని. ఆ మాట నిజమే. ఈయనకి ఈ మధ్య ఒక్క ఫిట్ వచ్చినా, ఎమ్మారైలో వాపు కనిపించినా నేనూ ఉంచేవాణ్ని. కానీ 36 ఏళ్లుగా ఫిట్స్ లేవు, అందులో 33 ఏళ్లు మందే లేదు. పదేళ్లు ఫిట్స్ లేకుండా, చివరి అయిదేళ్లు మందు లేకుండా ఉంటే ఎపిలెప్సీ తీరిపోయినట్టు లెక్కించాలని అంతర్జాతీయ ఎపిలెప్సీ డాక్టర్ల సంఘం ఐఎల్‌ఏఈ 2014లో చెప్పింది. ఇక రాదని హామీ ఇచ్చినట్టు కాదది. ఉన్న జబ్బుగా చూడక్కర్లేదని మాత్రమే. పురుగు మందు ఆల్బెండజోల్ కూడా ఇవ్వలేదు, చచ్చినదాన్ని చంపేదేముంది?

లెవెటిరాసిటామ్ రెండు వారాలు 250 చొప్పున రెండు పూటలా, ఇంకో రెండు వారాలు రాత్రి మాత్రమే, తర్వాత ఆపు. ఆగస్టు మధ్యలో పూర్తిగా ఆగింది. మందు తగ్గిస్తున్నన్నాళ్లూ, ఆపాక మరో మూడు నెలలూ స్కూటర్ ముట్టొద్దన్నాను. షేర్ ఆటోల్లో సణుక్కుంటూ మిల్లుకి వెళ్లారు. నిద్ర చెడగొట్టుకోవద్దని, ఒళ్లునొప్పులకి ఎవరైనా ట్రమడాల్ (ఫిట్స్ రేపగల నొప్పి మందు) రాస్తే ఈ కథ చెప్పమని ఒక కాగితం మీద రాసిచ్చాను. చిరాకు మాత్రం మొదటి రెండు వారాల్లోనే తగ్గిందని ఫోన్‌లో చెప్పింది భార్య.

ఫిట్స్ సంగతి తన దగ్గర దాచారన్న ఆవిడ బాధకి మాత్రం నా దగ్గర మందు లేదు. ఆ రోజు ఓపీలోనే ఆడపడుచుని నిలదీశారు. "వదినా, మీరైనా ఒక మాట చెప్పాల్సింది కదా." ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెప్తే నీ పుట్టింటోళ్లు పిల్లనిచ్చేవాళ్లా అమ్మాయ్?" అన్నారు. దాచడాన్ని నేను సమర్థించను. కానీ 1997లో వాళ్ల భయం గాలిలోంచి పుట్టిందేమీ కాదు. అప్పటికి హిందూ వివాహ చట్టంలోనే పదేపదే వచ్చే ఎపిలెప్సీ పెళ్లికి అనర్హతగా ఉండేది. ఆ మాటని చట్టంలోంచి తీసేసింది 1999లో. చట్టం మారాక కూడా సంబంధాలు మాట్లాడేవాళ్లు మారలేదు, అది వేరే సంగతి.

2024 నవంబరులో ముగ్గురూ మళ్లీ వచ్చారు. మందు ఆపి పదిహేను నెలలు, ఫిట్స్ లేవు. అక్క మోకాళ్ల నొప్పుల గురించి అడిగారు, అది నా సబ్జెక్టు కాదన్నాను. అసలు వచ్చింది వేరే పని మీద. కూతురికి సంబంధం కుదిరేలా ఉందట. "ఇది అమ్మాయికి వస్తుందా సార్? వాళ్లకి చెప్పాలా?" అని ఆయన అడిగారు. పురుగు వల్ల వచ్చిన మచ్చ వంశంలో రాదని చెప్పాను. చెప్పాలా వద్దా అన్నది వాళ్లిష్టమన్నాను. ఆయన అక్క వంక చూశారు. అక్క మరదలి వంక చూశారు. భార్య ఎమ్మారై ఫిల్ము కవరులో పెట్టుకుంటూ, "ఇది ఇంట్లోనే ఉంచుతాను, అడిగితే చూపిస్తాం" అంది.